ఈఈ అని కొడితే ఏలూరు

రైల్వేవాళ్ల ఎన్‌టీఈఎస్ యాప్‌ను మా మనవరాలు నా ఫోన్‌లో పెట్టి ఏడాది దాటింది. నేను స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యాను. బండి ఎంత లేటో చూసుకోవడానికి అందరూ దీన్ని వాడతారు. నన్ను మొదటి రోజే పట్టేసింది మాత్రం వేరే సంగతి. స్టేషన్ పేరు రాయాల్సిన చోట ఈఈ అని రెండక్షరాలు కొడితే ఏలూరు వచ్చింది!

ఆ రెండక్షరాలూ ఒకప్పుడు నేను తంతి మీద కొట్టినవే. తంతి భాష మోర్స్‌లో ఈ అంటే ఒక్క చుక్క. చుక్క కొట్టి, కాస్త ఆగి, మళ్లీ చుక్క కొడితే ఏలూరు అయిపోయినట్టే. అదే విజయవాడ కోడ్ బీజెడ్‌ఏ అయితే గీత మూడు చుక్కలు, రెండు గీతలు రెండు చుక్కలు, చుక్క గీత. ప్రతి అక్షరానికీ చేతికి పని, లైనుకు టైము. అందుకే మన స్టేషన్ కోడ్లు ఇంత పొట్టిగా ఉంటాయి.

వాటిలో పాత పేర్లు ఇంకా బతికున్నాయి. బోర్డు మీద విజయవాడ, కోడ్‌లో బెజవాడ. కాకినాడ టౌన్ సీసీటీ, అంటే తెల్లదొరల నాటి కోకనాడ. శ్రీకాకుళం రోడ్ సీహెచ్‌ఈ, అది చికాకోల్. కడపది హెచ్‌ఎక్స్, ఊరి పేరుతో పొంతన లేదు, బట్టీ పట్టాల్సిందే. 2018లో మొఘల్‌సరాయ్ పేరు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌గా మార్చాక ఎంజీఎస్ పోయి డీడీయూ వచ్చింది. మన బీజెడ్‌ఏకి ఆ గతి పట్టకూడదు.

ఇక పనితనం. మా రోజుల్లో బండి వెళ్లగానే, బండ్ల రాకపోకలు చూసే కంట్రోల్ ఆఫీసుకి ఫోన్‌లో టైము చెప్పేవాళ్లం. అక్కడ కంట్రోలర్ పెన్సిలుతో చార్టు మీద గీత గీసేవాడు. ఇప్పుడా చార్టు కంప్యూటర్‌లో ఉంది. చాలా ఇంజన్లలో పెట్టిన ఉపగ్రహ పరికరం టైమును దానంతటదే పంపుతుంది. ఈ యాప్‌కి సమాచారం ఆ కంట్రోల్ నుంచే వస్తుంది కాబట్టి నాకు దీనిమీద నమ్మకం. మా పక్కింటాయన ఇంకేదో యాప్ చూసి, బండి ప్లాట్‌ఫారం మీదకు వచ్చేసిందనుకుని ముసలి తల్లిని మెట్లమీద పరుగెత్తించాడు. బండేమో స్టేషన్ బయట ఔటర్‌లో సిగ్నల్ కోసం నిలబడి ఉంది. అప్పటినుంచి వాళ్లింట్లోనూ ఇదే.

నాకున్న అసంతృప్తి ఒక్కటే. మా డ్యూటీ మాటలు ఇందులో అలాగే కనిపిస్తాయి, వాటి అర్థం మాత్రం పక్కన ఉండదు. ‘రైట్ టైమ్’ అందరికీ అర్థమవుతుంది. రీషెడ్యూల్ అంటే బండి బయల్దేరే చోటే ఆలస్యంగా కదులుతుంది, దారిలో లేటవడం వేరు. షార్ట్ టెర్మినేట్ అంటే చివరి స్టేషన్ దాకా రాకుండా మధ్యలోనే ఆపేస్తారు. డైవర్ట్ అయితే మీ ఊరు మొత్తానికే తప్పిపోవచ్చు! ఈ తేడా తెలియక ఎంతమంది టెన్షన్ పడతారో కౌంటర్ ఇవతల నుంచి చూసినవాణ్ని. పెట్టెల వరసలో ఎస్‌ఎల్‌ఆర్ అని ఉంటే సెకండ్ క్లాసు, లగేజీ, గార్డు గది ఒకే పెట్టెలో ఉన్నట్టు. జనరల్ టికెట్‌వాళ్లకి అది తెలిస్తే చివరి నిమిషంలో పరుగు తప్పుతుంది. ఒక్క పేజీలో తెలుగులో ఇవన్నీ రాసి పెడితే చాలు.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. వాడేవాళ్లకి ఒక మాట: బండి నంబరు గుర్తులేకపోతే ‘లైవ్ స్టేషన్’లోకి వెళ్లి మీ ఊరి కోడ్ కొట్టండి, రాబోయే గంటల్లో వచ్చే బండ్లన్నీ వరసగా కనిపిస్తాయి. కోడ్ తెలియకపోతే ఆన్‌లైన్‌లో తీసిన టికెట్ మీద ఊరి పేరు పక్కనే ఉంటుంది.