ఉచిత యాప్, కొనుగోలు యాప్, ఒకే కోడ్: ఆండ్రాయిడ్ ప్రొడక్ట్ ఫ్లేవర్లపై దీర్ఘకాల సమీక్ష

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి కమీషన్ ఏజెంట్లు తూకాలు నమోదు చేసుకొని, హమాలీ ఖర్చులు లెక్కగట్టి, రైతుకు తక్‌పట్టీ (తూకం, ధర, ఖర్చులు చూపే చీటీ) ఇవ్వడానికి వాడే ఒక చిన్న యాప్‌ను నేను కొన్నేళ్లుగా నిర్వహిస్తున్నాను. ప్రకటనలతో ఉచితంగా దొరికేది ఒకటి, డబ్బు చెల్లించి తీసుకొనేది మరొకటి; రెండింటికీ కోడ్ ఒక్కటే. కోడ్‌ను యాప్‌గా తయారుచేసే (బిల్డ్ చేసే) ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్‌లో, ఒకే కోడ్ నుంచి వేర్వేరు యాప్‌లను తీసే ఏర్పాటైన ప్రొడక్ట్ ఫ్లేవర్లతోనే రెండూ తయారవుతున్నాయి. ఇంతకాలం వాడిన మీదట నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది: ఒక యాప్‌లో బొత్తిగా ఉండకూడని కోడ్‌ను బయట ఉంచడానికి ఫ్లేవర్లను మించిన సాధనం లేదు. కేవలం ఒక సదుపాయాన్ని ఇవ్వడమా మానడమా అన్నదే తేడా అయితే మాత్రం వాటి జోలికి పోనక్కరలేదు.

యాప్‌లు రాయడానికి ఎక్లిప్స్ అనే పాత సాధనాన్ని వాడిన కాలంలో ఇదే పనికి ఉమ్మడి కోడ్‌ను లైబ్రరీ ప్రాజెక్టుగా పెట్టి, దానిమీద రెండు వేర్వేరు ప్రాజెక్టులను నిలబెట్టవలసి వచ్చేది. దాని స్థానంలో 2013లో ఆండ్రాయిడ్ స్టూడియోను ప్రకటించి, 2014 డిసెంబరులో 1.0 వెర్షన్‌ను విడుదల చేశాక గ్రేడిల్ పద్ధతి స్థిరపడింది. ఇప్పుడు మెయిన్ ఫోల్డర్‌లో ఉమ్మడి కోడ్, ఫ్రీ, పెయిడ్ అనే ఫోల్డర్లలో ఆయా యాప్‌కు ప్రత్యేకమైనది ఉంటే చాలు. పరీక్షకు డీబగ్, విడుదలకు రిలీజ్ అనే రెండు బిల్డ్ టైపులతో కలిసి మొత్తం నాలుగు వేరియంట్లు (యాప్ రూపాలు) వస్తాయి.

కొత్తవారు మొదట తెలుసుకోవలసింది ఈ ఫోల్డర్లు కలిసే తీరు. బొమ్మలు, రంగులు, పదాలు వంటి రిసోర్సుల విషయంలో ఫ్లేవర్ ఫోల్డర్‌లో ఉన్నదే మెయిన్‌లో ఉన్నదానిమీద నెగ్గుతుంది. యాప్ పేరునూ ఐకాన్‌నూ మార్చడానికి ఒక్క వరుస కోడ్ కూడా రాయనవసరం లేదు. క్లాసులకు, అంటే కోడ్ విభాగాలకు, ఈ నియమం వర్తించదు. ఒకే పేరుగల క్లాసు మెయిన్‌లోనూ ఫ్రీలోనూ ఉంటే బిల్డ్ ఆగిపోతుంది. అందువల్ల ప్రకటనలు చూపే క్లాసును మెయిన్‌లో పెట్టకుండా, అదే పేరుతో ఫ్రీలో ఒకటి, పెయిడ్‌లో ఒకటి రాయాలి. ఫ్రీలోనిది ప్రకటనను తెచ్చి చూపుతుంది. పెయిడ్‌లోని ఫంక్షన్ లోపల ఏమీ ఉండదు. మెయిన్‌లోని తక్‌పట్టీ స్క్రీన్ ఆ ఫంక్షన్‌ను పిలుస్తుందే తప్ప, తాను ఏ యాప్‌లో ఉన్నదీ దానికి తెలియదు. ‘ఇది ఫ్రీయా, పెయిడా’ అని అడిగే షరతులు మెయిన్ కోడ్ నిండా పేరుకోకుండా ఉండాలంటే ఈ క్రమశిక్షణ ఒక్కటే దారి.

నేను ఫ్లేవర్లను వదలకపోవడానికి అసలు కారణం అనుమతుల దగ్గర కనిపిస్తుంది. ప్రకటనల లైబ్రరీని (ప్రకటనలు చూపే రెడీమేడ్ కోడ్‌ను) గ్రేడిల్ ఫైలులో ఫ్రీ ఇంప్లిమెంటేషన్ కింద చేర్చితే అది ఉచిత యాప్‌లోకి మాత్రమే వెళ్తుంది. ఆండ్రాయిడ్ స్టూడియోలో యాప్ అనుమతులను ప్రకటించే మానిఫెస్ట్ ఫైలు తెరిచి, అడుగున ఉండే మెర్జ్‌డ్ మానిఫెస్ట్ ట్యాబ్‌ను నొక్కితే ఏ అనుమతి ఎక్కడి నుంచి వచ్చిందో రంగులతో సహా చూపుతుంది. ఫ్రీ వేరియంట్‌లో ఇంటర్నెట్ అనుమతి, అడ్వర్టైజింగ్ ఐడీ అనుమతి ఆ లైబ్రరీ పేరు మీద కనిపిస్తాయి. వేరియంట్‌ను పెయిడ్‌కు మార్చగానే ఆ రెండు వరుసలూ మాయమవుతాయి. అంటే డబ్బు పెట్టి కొన్నవారి యాప్‌కు నెట్‌ను తాకే హక్కే ఉండదు. రైతుల బాకీలు, వ్యాపారి ఖాతాలు ఉన్న పుస్తకం ఫోను దాటి పోదని ఏజెంటుకు ధైర్యంగా చెప్పగలగడం మా పనిలో చాలా పెద్ద విషయం. ప్రకటనలను ఒక స్విచ్‌తో ఆపే పద్ధతిలో లైబ్రరీ, దాని అనుమతులు యాప్‌లోనే మిగిలిపోతాయి కనుక ఈ మాట చెప్పలేము.

ఇబ్బందులు లేకపోలేదు. ఆండ్రాయిడ్ స్టూడియో ఒకసారికి ఒక వేరియంట్‌ను మాత్రమే పరిశీలిస్తుంది. ఫ్రీ ఎంచుకొని ఉండగా ఒక ఫంక్షన్ పేరు మార్చితే, పెయిడ్ ఫోల్డర్‌లోని జంట క్లాసులో పాత పేరే ఉండిపోతుంది. అక్కడ ఎర్ర గీత కూడా పడదు. కాబట్టి ప్రతి మార్పు తరువాత రెండు ఫ్లేవర్లనూ బిల్డ్ చేయడం అలవాటుగా పెట్టుకోవాలి. ప్లగిన్ నియమాలూ మారుతుంటాయి: 3.0 నుంచి ప్రతి ఫ్లేవర్‌కూ డైమెన్షన్ (ఫ్లేవర్ ఏ వర్గానికి చెందినదో చెప్పే పేరు) తప్పనిసరి అయింది, 8.0 నుంచి బిల్డ్ వివరాలను కోడ్‌కు అందించే బిల్డ్ కాన్ఫిగ్ క్లాసును మనమే అడిగి తయారుచేయించుకోవాలి. ఇక ఆదోని వైపు కన్నడం చదివే వ్యాపారులు కూడా ఉన్నారు కదా అని భాషను మరో డైమెన్షన్‌గా పెట్టడం అనవసరం. నాలుగు వేరియంట్లు ఎనిమిది అవుతాయి. ఆ పనికి ఒక్కో భాషలోని పదాలను విడిగా ఉంచే వ్యాల్యూస్ ఫోల్డర్లు ఎప్పటి నుంచో ఉన్నాయి.

రెండు యాప్‌లూ ఒకే ఫోనులో ఉండాలంటే అప్లికేషన్ ఐడీలు (ఫోను ఒక్కో యాప్‌ను గుర్తించే పేర్లు) వేరుగా ఉండాలి. ఉచితదాని ఐడీ చివర ఒక సఫిక్స్ చేర్చితే అది తీరుతుంది. తక్‌పట్టీని వాట్సాప్‌లో పంపడానికి వాడే ఫైల్ ప్రొవైడర్ (ఫైళ్లను ఇతర యాప్‌లకు అందించే భాగం) అథారిటీ, అంటే దాని గుర్తింపు పేరు, రెండింటిలో ఒకటే అయితే మాత్రం రెండవ యాప్ ఇన్‌స్టాల్ కాదు. అక్కడ స్థిరమైన పేరు రాయకుండా అప్లికేషన్ ఐడీనే వాడాలి.

అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించవలసింది ఉచితం నుంచి కొనుగోలుకు మారే వ్యాపారి గురించి. ఆండ్రాయిడ్ దృష్టిలో ఇవి రెండు వేర్వేరు యాప్‌లు; ఒకదాని డేటాబేసును మరొకటి చూడలేదు. డబ్బు కట్టి తెరిస్తే ఖాతా పుస్తకం ఖాళీగా ఉండటం ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. దీనికి మంచి మార్గం ఉంది. ఉచిత యాప్‌లో కంటెంట్ ప్రొవైడర్ (డేటాను మరో యాప్‌కు అందించే భాగం) పెట్టి, దానికి సిగ్నేచర్ స్థాయి అనుమతిని జతచేస్తే, అదే కీతో (యాప్ తయారీదారును రుజువు చేసే డిజిటల్ సంతకంతో) సంతకమైన యాప్ మాత్రమే ఆ డేటాను చదవగలుగుతుంది. ప్లే స్టోర్ సైనింగ్‌లో ప్రతి యాప్‌కూ మామూలుగా వేరే కీ వస్తుంది కనుక, మొదటి విడుదలకు ముందే ‘ఈ ఖాతాలోని మరో యాప్ కీ’ అనే ఎంపికను తీసుకోవాలి. ఆండ్రాయిడ్ 11 నుంచి ఒక యాప్ మరో యాప్‌ను చూడాలంటే మానిఫెస్ట్‌లో క్వెరీస్ కింద దాని పేరు రాయాలి. అది లేకపోతే ఉచిత యాప్ పక్కనే ఉన్నా కనబడదు.

రేటింగులు, సమీక్షలు కూడా రెండుగా చీలుతాయి. ఒకసారి ఉచితంగా పెట్టిన యాప్‌ను తరువాత వెల పెట్టి అమ్మేందుకు ప్లే స్టోర్ ఒప్పుకోదు కనుక, ఏది ఏ ఐడీతో వెళ్లాలో ముందే తేల్చుకోవాలి. ప్రకటనల లైబ్రరీ వంటి బరువైన తేడా ఉన్నవారికి ఫ్లేవర్లను నిస్సంకోచంగా సూచిస్తాను. పెయిడ్ యాప్‌లో త్వరలో చేర్చబోయే నెలవారీ ఖాతా నివేదికకు మాత్రం మూడవ ఫ్లేవర్ చేయడం లేదు. అది ఒక స్క్రీన్ తేడాయే కనుక ఉన్న యాప్‌లోనే ఇన్-యాప్ కొనుగోలుగా (యాప్ లోపలే డబ్బు కట్టి తీసుకొనేదిగా) ఇస్తున్నాను.