మరణవార్తకు ‘సాడ్లీ’ మేలా, ‘అన్‌ఫార్చునేట్లీ’ మేలా?

ఆఫీసులో ఒకరు పోయారని ఇంగ్లీషులో మెయిల్ పెట్టాల్సి వస్తే చాలామంది ‘అన్‌ఫార్చునేట్లీ’ అని మొదలుపెడతారు. మీటింగ్ వాయిదా పడ్డా అదే మాట, సరుకు అయిపోయినా అదే మాట. మనిషి పోయిన కబురుకు అది చాలదు. అక్కడ ‘సాడ్లీ’యే మేలు.

‘అన్‌ఫార్చునేట్లీ’లో ఉన్నది ఫార్చూన్, అంటే అదృష్టం. కలిసిరాలేదని చెబుతుంది తప్ప, రాసినవాళ్ల మనసులో ఏముందో చెప్పదు. టికెట్లు దొరకలేదనో, వానకు మ్యాచ్ ఆగిపోయిందనో రాయడానికి చక్కగా సరిపోతుంది.

‘సాడ్లీ’ అలా కాదు, చాలా దూరం నడిచొచ్చిన మాట. పాత ఇంగ్లీషులో ‘సాడ్’ అంటే కడుపు నిండిన, ఇక చాలనిపించిన అని అర్థం. దాని జర్మన్ తోబుట్టువు ‘జాట్’కి ఇప్పటికీ కడుపు నిండిందనే అర్థం. ఇంగ్లీషులో మాత్రం నిండుదనం కాస్తా విసుగైంది, బరువైంది, గాంభీర్యమైంది, చివరికి దుఃఖమైంది. 1590ల నాటి షేక్‌స్పియర్ నాటకం ‘రోమియో అండ్ జూలియట్’లో ఈ మలుపు కళ్లకు కడుతుంది. ప్రేమలో పడ్డ రోమియోను అతని స్నేహితుడు బెన్వోలియో ‘సాడ్లీ చెప్పు, ఎవరామె?’ అని అడుగుతాడు. ఏడుస్తూ చెప్పమని కాదు, ఆటలు కట్టిపెట్టి నిజం చెప్పమని. అసలే బాధలో ఉన్న రోమియోకు ఆ మాట గుచ్చుకుంటుంది. జబ్బుమనిషిని వీలునామా రాయమన్నట్టుందని వాపోతాడు. గాంభీర్యం, దుఃఖం రెండూ ఆ ఒక్క మాటలో అప్పటికే ఉన్నాయన్నమాట. మరణవార్తకు కావాల్సినవీ ఆ రెండే కదా!

‘సాడ్లీ మిస్టేకెన్’ అన్నప్పుడు మాత్రం ఏడుపేమీ లేదు, బాగా పొరబడ్డారని అర్థం.

‘రిగ్రెట్‌ఫుల్లీ’ సంగతి వేరు. ఆ విచారం ఆ పని చేస్తున్న మనిషిది. పెళ్లికి రాలేనని మీరే రాస్తున్నప్పుడు బావుంటుంది. జరిగిన సంగతి విచారకరమని చెప్పాలంటే ‘రిగ్రెటబ్లీ’ వాడాలి.

‘సాడ్లీ’ వాడేటప్పుడు దాని చోటు చూసుకోవాలి. వాక్యం మొదట్లో పెట్టి కామా ఇస్తే విచారం రాసేవాళ్లది. ‘హీ స్మైల్డ్ సాడ్లీ’ అంటే విచారం నవ్వినవాడిది. ఉద్యోగం ఇవ్వలేమని చెప్పే మెయిల్లో దీన్ని వాడకపోవడమే మర్యాద. ముక్కూమొహం తెలియని అభ్యర్థి కోసం కంపెనీ దుఃఖపడుతోందంటే ఎవరూ నమ్మరు. అక్కడికి ‘అన్‌ఫార్చునేట్లీ’ చాలు.