విండోస్ 10 గడువు పేరుతో భయపెడితే డబ్బు కట్టకండి: ఒక డీటీపీ కేంద్రం అనుభవం

పాలకొల్లులో చిన్న డీటీపీ కేంద్రం నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, రొయ్యల మేత దుకాణాల బిల్లు పుస్తకాలు మా పని. నిరుడు సెప్టెంబరు చివరి వారంలో, దసరాకు ముందు, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో గడువు తీరిపోతుందన్న మాట విని కంగారుపడి, ఒక కంప్యూటర్ దుకాణంలో 2,800 రూపాయలు చెల్లించి విండోస్ 11 వేయించుకున్నాను. పోయినది ఆ 2,800 మాత్రమే అయితే ఇంత రాసేవాడిని కాను. దుకాణం పేరు చెప్పదలచుకోలేదు. ఇవే మాటలు మీకు మరో ఊళ్లో మరొకరు చెప్పవచ్చు కనుక, ఆ మాటలను గుర్తుపట్టడమే మీకు ఎక్కువ ఉపయోగం.

"పద్నాలుగో తారీఖు దాటితే సిస్టమ్ ఓపెనవ్వదండీ, డేటా అంతా లోపలే ఉండిపోద్దండీ" అని దుకాణంలోని కుర్రాడు అన్నాడు. ఇది పూర్తిగా అబద్ధం. ఆ తేదీతో ఆగిపోయేవి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఉచితంగా పంపే అప్‌డేట్లు, వారి సాంకేతిక సహాయం మాత్రమే. కంప్యూటర్ మరునాడు కూడా ఎప్పటిలాగే తెరుచుకుంటుంది. విండోస్ 7కు 2020 జనవరి 14నే మద్దతు ముగిసినా, మా వీధి చివరి కాటా దగ్గర ఇప్పటికీ దానిమీదే లారీల తూకం చీటీలు వస్తున్నాయి. అలా వాడమని నేను చెప్పడం లేదు. అప్‌డేట్లు రాని కంప్యూటర్లో బ్యాంకు లావాదేవీలు చేయడం తలుపుకు గడియ లేని ఇంట్లో నిద్రపోవడం లాంటిదే. అయితే గడియ బిగించుకోవడానికి వ్యవధి ఉందని, ఆ రాత్రికే ఇల్లు కూలిపోదని నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

నా కంప్యూటర్ 2016లో కొన్నది. అందులో ఉన్నది ఆరో తరం ఐ5 ప్రాసెసర్. విండోస్ 11కు ఇంటెల్ కోర్ అయితే ఎనిమిదో తరం లేదా ఆపైది ఉండాలని, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ పనిచేస్తూ ఉండాలని, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ స్థలం కావాలని మైక్రోసాఫ్ట్ చెబుతూనే ఉంది. పీసీ హెల్త్ చెక్ అనే వారి ఉచిత ప్రోగ్రామ్ నడిపితే, మన కంప్యూటర్ తగునో తగదో, తగకపోతే ఎందుకు తగదో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. కొన్ని కంప్యూటర్లలో టీపీఎం ఉన్నా బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు నడిచే కంప్యూటర్ సొంత సెట్టింగ్స్‌లో, ఆపి ఉంటుంది. దానిని ఆన్ చేస్తే సరిపోతుంది. అసలైన విండోస్ 10 ఉండి, కంప్యూటర్ కూడా తగినదైతే, సెట్టింగ్స్‌లోని అప్‌డేట్ పేజీ నుంచే విండోస్ 11 ఉచితంగా వస్తుంది, కొత్త కీ (లైసెన్సు నంబరు) కొనవలసిన అవసరమే లేదు. నాది తగని కంప్యూటర్. ఆ సంగతి నాకు చెప్పకుండా, తనిఖీని తప్పించే పద్ధతిలో విండోస్ 11ను ఎక్కించేశారు. అలా ఎక్కించిన కంప్యూటర్‌కు అప్‌డేట్లు వస్తాయన్న హామీని మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. ఏ అప్‌డేట్ల కోసం డబ్బు కట్టానో వాటికే పూచీ లేకుండా పోయిందన్నమాట.

ఇక అసలు నష్టం. ఉన్న విండోస్ మీదనే అప్‌గ్రేడ్ చేస్తే ఫైళ్లు, ప్రోగ్రాములు ఉన్నచోటనే ఉంటాయి. నచ్చకపోతే పది రోజుల లోపు సెట్టింగ్స్ నుంచే పాత విండోస్‌కు తిరిగి వెళ్లవచ్చు. మా దుకాణం వారు అలా చేయకుండా, సీ డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి, అంటే పూర్తిగా తుడిచేసి, కొత్తగా వేశారు. "డీ డ్రైవ్ ముట్టుకోలేదండీ" అని ధీమాగా చెప్పారు. నిజమే, ముట్టుకోలేదు. కానీ డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో పెట్టుకున్నవన్నీ సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. కార్తీక మాసపు ముహూర్తాలకు తయారుచేసి, పెళ్లివారు ప్రూఫులు చూసి సరేనన్న పదకొండు శుభలేఖలు డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి. వేరే చోట రికవరీ చేయిస్తే కొన్ని దొరికాయి గానీ, వాటిలో సగం తెరుచుకోలేదు.

తెలుగు డీటీపీ చేసేవారికి మరో చిక్కు ఉంది. మన వృత్తిలో లేనివారు ఈ పేరా వదిలేసినా ఫరవాలేదు. మనం ఏళ్ల తరబడి వాడుతున్న పాత తెలుగు ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు. ఆ టైపింగ్ సాఫ్ట్‌వేర్, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో పాత ఫైలు తెరిస్తే పెళ్లికూతురి పేరు ఉండవలసిన చోట పిచ్చి గుర్తులు, ఇంగ్లీషు అక్షరాలు కనపడతాయి. ఫార్మాట్‌తో నా టైపింగ్ సాఫ్ట్‌వేర్ పోయింది. మళ్లీ వేయాలంటే అడిగే లైసెన్సు నంబరు రాసిన కాగితం ఎక్కడుందో నాకు తెలియలేదు. పాత ప్రింటర్‌కు కొత్త విండోస్‌లో పనిచేసే డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపించే ప్రోగ్రామ్) కూడా దొరకలేదు. పదిహేను రోజుల పాటు మా శుభలేఖలు భీమవరంలో వేరేవారి ప్రెస్సులో కూర్చుని నేనే మళ్లీ కొట్టాను.

ఉగాది వెళ్లిన వారానికి రెండో దెబ్బ తగిలింది. తెర మూలన విండోస్‌ను యాక్టివేట్ చేయమన్న రాత ప్రత్యక్షమైంది. "లైఫ్‌టైమ్ ఒరిజినల్" అని నాకు అంటగట్టింది, పెద్ద సంస్థలు వందల కంప్యూటర్లకు కలిపి తీసుకునే తరహా లైసెన్సు అని అప్పుడు తెలిసింది. అది 180 రోజులకు మించి నిలవదు; ఆ లోపు సంస్థ సర్వర్ నుంచి మళ్లీ మళ్లీ పునరుద్ధరణ జరుగుతూ ఉండాలి. మీ కంప్యూటర్లో సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్ అనే వరుసలో వెళ్లి చూడండి. మీరు ఏ సంస్థలోనూ పనిచేయకుండానే "మీ సంస్థ యాక్టివేషన్ సర్వీసు ద్వారా యాక్టివేట్ అయింది" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం అక్కడ ఉంటే, మీకూ అదే అంటగట్టారని తెలుసుకోండి. దుకాణానికి వెళ్తే బిల్లు చూపించమన్నారు. నా దగ్గర ఉన్నది తెల్ల కాగితం మీద రాసిన "సర్వీసు" అనే ముక్క ఒక్కటే. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేయవచ్చునని తెలిసినా, చేతిలో సరైన బిల్లు లేక వెనకాడాను. విండోస్ పేరు, అందులో ఏ రకం, ఎంత ధర అన్నవి వేసిన జీఎస్టీ బిల్లు ఇవ్వనన్న చోట పైసా కట్టకండి.

అమలాపురంలోని మా బావమరిది కథ ఇంకోటి. కొత్త లాప్‌టాప్ కొన్నప్పుడు దుకాణం వారే తమ ఈమెయిల్‌తో లాగిన్ చేసి ఇచ్చారు. ఇటీవలి విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెడితే డ్రైవ్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే లోపలి డేటాకు తాళం పడుతుంది, దాని తాళంచెవి లాంటి 48 అంకెల రికవరీ కీ ఆ ఖాతాలో భద్రమవుతుంది. ఒకరోజు బయాస్ అప్‌డేట్ తరువాత లాప్‌టాప్ ఆ 48 అంకెలు అడిగింది. ఆ ఖాతా తెరిచిన కుర్రాడు ఉద్యోగం మానేసి హైదరాబాదు వెళ్లిపోయాడు. తాళం మన ఇంటికి, చెవి ఊరు దాటిన మనిషి జేబులో. కాబట్టి ఎంత తొందరగా ఉన్నా లాగిన్ మీ ఖాతాతోనే చేయించుకోండి.

ఎప్పుడు చేయించుకోవాలన్నది ఆలోచించకపోవడం మాత్రం నా తప్పే. మన డెల్టాలో కాలువల మరమ్మతులు దాళ్వా (రబీ) కోతలయ్యాక, నీళ్లు కట్టేసిన రోజుల్లో చేస్తారు గానీ సార్వా (ఖరీఫ్) నాట్ల మధ్యలో గట్టు తవ్వరు. నేను పెళ్లిళ్ల పని నెత్తిమీద పెట్టుకుని గట్టు తవ్వాను. పైగా అది తుపాన్ల కాలం. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మాకు కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. అలాంటి సమయంలో అప్‌గ్రేడ్ సగంలో ఆగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

వ్యక్తిగత కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొడిగించే పథకం ఉందని నాకు తరువాత తెలిసింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ బ్యాకప్ చేసుకునేవారికి అది ఉచితం. విండోస్ 10లోనే, అప్‌డేట్ పేజీలో నమోదు చేసుకునే లింకు ఉంటుంది. మా అమ్మాయి చదువుకునే లాప్‌టాప్‌ను అలాగే నమోదు చేశాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

ప్రెస్సు కంప్యూటర్లో మళ్లీ విండోస్ 10 వేసి, ఇంటర్నెట్ తీగ పీకేసి, పాత ఫైళ్ల పనికి మాత్రమే ఉంచాను. లైసెన్సు నంబరు కాగితం పాత బిల్లు పుస్తకం అట్టలో దొరికింది. ఈసారి దాని ఫోటో తీసి మూడు చోట్ల దాచాను. ఈ ఏడాది మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం కనుక శుభలేఖల పని ఉండదు. కొత్త కంప్యూటర్ కొనడం, పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చడం అప్పుడే పెట్టుకున్నాను.