ప్రిన్స్ ఆఫ్ పర్షియా, పాత డాస్ గేమ్: ముప్ఫై ఏళ్లు ఆడాక

ఈ గేమ్‌ని నేను మొదటిసారి ముగించిన రోజు షిఫ్ట్ కీ మీద ఉన్న వేలు నాది కాదు, మా అక్కది. అందుకే "నేను పూర్తి చేశాను" అని చెప్పాల్సి వస్తే ఇప్పటికీ కొంచెం నసుగుతాను. ఆ తర్వాత ఒక్కణ్ణే ఎన్నిసార్లు ముగించానో లెక్క లేదు. విండోస్‌కి ముందటి డాస్‌లో ఆడాను, విండోస్ 95లో ఆడాను, పాత డాస్ గేముల్ని కొత్త కంప్యూటర్లలో నడిపించే డాస్‌బాక్స్‌లో ఆడాను, ఫోన్‌లో కూడా ఆడి చూశాను. ముప్ఫై ఏళ్ల పైమాటే. ఇంతకాలంగా వాడుతున్న వస్తువు నా దగ్గర ఇంకోటి లేదు. సమీక్ష రాయడానికి ఆ అర్హత చాలనుకుంటున్నాను.

అప్పుడు ఇంట్లో ఉన్నది 286 కంప్యూటర్, బ్లాక్ అండ్ వైట్ మానిటర్. దానితో పాటు గేముల ఫ్లాపీ ఒకటి వచ్చింది. అందులో డేవ్ ఉండేది, కప్పు తీసుకుంటే గానీ తలుపు తెరుచుకోనిది. పారాట్రూపర్ ఉండేది. డిగ్గర్ ఉండేది, దానికి మాత్రం టర్బో బటన్ నొక్కి కంప్యూటర్ వేగం తగ్గించాలి, లేకపోతే మనం కదిలేలోపే పని అయిపోతుంది. ఇవన్నీ సరదాకి ఆడినవే. ఆడుకున్నాం, మర్చిపోయాం. ప్రిన్స్ వేరే ఫ్లాపీలో, కొన్ని నెలల తర్వాత వచ్చింది. వచ్చాక మిగతావాటిని మేం ముట్టుకోలేదు.

కథ మూడు ముక్కల్లో చెప్పొచ్చు. మంత్రి రాజకుమారిని బంధించి, గంట టైమిస్తాడు. హీరో నేలమాళిగలో పడి ఉంటాడు. పన్నెండు లెవెళ్లు దాటి, అరవై నిమిషాల్లో ఆమె దగ్గరికి చేరాలి. చచ్చిపోతే లెవెల్ మళ్లీ మొదటి నుంచి వస్తుంది. ఎన్నిసార్లైనా చావొచ్చు, కానీ గడియారం మాత్రం వెనక్కి తిరగదు. పోయిన నిమిషం పోయినట్టే. స్పేస్ నొక్కితే ఇంకా ఎంత టైముందో కింద చూపిస్తుంది. అది నొక్కడం కన్నా నొక్కకుండా ఉండటమే కష్టం.

మా ఇంట్లోనూ గంటే రూలు. ఇద్దరికీ కలిపి రోజుకి గంట, అదీ స్విచ్ వేసిన క్షణం నుంచి లెక్క. డాస్ లేచి ప్రాంప్ట్ వచ్చేసరికే అందులో కొంత పోయేది. చెరో అరగంట పంచుకుంటే ఇద్దరిలో ఎవరికీ నాలుగో లెవెల్ కూడా కనిపించదని వారం రోజుల్లో తేలిపోయింది. అప్పుడు అక్క ఒక పద్ధతి పెట్టింది. గంటంతా కలిసే ఆడతాం. బాణం గుర్తు కీలు నావి. షిఫ్ట్, స్పేస్ తనవి.

ఈ గేమ్ ఆడినవాళ్లకి తెలుసు, షిఫ్ట్ అంటే చిన్న పని కాదు. అంచు పట్టుకుని వేలాడాలంటే షిఫ్ట్. సీసాలో మందు తాగాలంటే షిఫ్ట్. మొదటి లెవెల్లో కింద పడి ఉన్న కత్తి తీసుకోవాలంటే షిఫ్ట్. గోతి దాకా ఒక్కో అడుగూ జాగ్రత్తగా వేయాలంటే షిఫ్ట్ పట్టుకుని బాణం నొక్కాలి. కత్తియుద్ధంలో పొడవడానికి షిఫ్ట్, అడ్డుకోవడానికి పై బాణం. అంటే మా జట్టులో పొడిచేది అక్క, అడ్డుకునేది నేను. భటుడు ఎదురుపడగానే నా చెయ్యి బిగుసుకుపోయేది. తను మాత్రం టకటకా పొడుస్తూనే ఉండేది. "ఒరేయ్, అడ్డం పెట్టరా!" అని అరుపు. ఆ అరుపు వినబడేసరికి తెర కింద ప్రాణాలు చూపించే మూడు త్రికోణాల్లో ఒకటి ఎగిరిపోయి ఉండేది.

గెంతడం దగ్గర అసలు గొడవ. పరిగెత్తి గోతి అంచున గెంతేది నేను, గాల్లో ఉండగా సరైన క్షణంలో షిఫ్ట్ పట్టాల్సింది తను. నేను "పట్టు!" అనేవాణ్ణి. మాట నోట్లోంచి వచ్చి తన చెవిలో పడి వేలు కదిలేలోపు ప్రిన్స్ ఇనుప ముళ్ల మీద ఉండేవాడు. తర్వాత తర్వాత నేను చెప్పడం మానేశాను, తను తెర చూసి తనే నొక్కేది. ఒక అంతస్తు పడితే ఏం కాదు, రెండంతస్తులైతే ఒక ప్రాణం పోతుంది, మూడైతే మనిషే పోతాడు. ఇది ఎక్కడా చదవలేదు, పడి పడి తెలుసుకున్నాం.

కొత్తగా ఆడేవాళ్లు చెప్పే మొదటి ఫిర్యాదు "వీడు చెప్పిన మాట ఆలస్యంగా వింటాడు" అని. నిజమే. పరుగు మొదలుపెట్టాక వెంటనే ఆగడు, రెండడుగులు జారి ఆగుతాడు. దానికి కారణం ఉంది. ఈ గేమ్ తయారుచేసిన జోర్డాన్ మెక్‌నర్ 1985లో తన తమ్ముడి చేత తెల్లబట్టలు వేయించి, పార్కింగ్ స్థలంలో పరిగెత్తించి, గెంతించి వీడియో తీసుకున్నాడు. ఒక్కో ఫ్రేమూ చూసి బొమ్మ గీశాడు. 1989లో ఆపిల్ 2 అనే కంప్యూటర్ మీద, 1990లో డాస్ మీద వచ్చిన ఈ గేమ్‌లో మనం నడిపిస్తున్నది ఒక నిజమైన కుర్రాడి ఒంటి బరువుని. నిజమైన మనిషి పరుగు మధ్యలో టక్కున వెనక్కి తిరగలేడు, వీడూ తిరగలేడు. రెండు రోజులు చిరాకుగా ఉంటుంది, మూడో రోజు నుంచి అంచు ఇంకా ఎన్నడుగులుందో మనకే ఒంటికి తెలుస్తుంటుంది. మిగతా గేముల్లో హీరో గాల్లో కూడా దిశ మార్చుకుంటాడు. అది నాకు ఆ తర్వాత ఎప్పుడూ రుచించలేదు.

మూడో లెవెల్లో అస్థిపంజరం లేచి నిలబడినప్పుడు అక్క కుర్చీ వెనక్కి జరిపింది, ఇప్పటికీ ఒప్పుకోదు. దాన్ని కత్తితో చంపడం కుదరదు, నెట్టుకుంటూ వెళ్లి గోతిలో పడేయాలి. నాలుగో లెవెల్లో దారికి అడ్డంగా అద్దం వస్తుంది. పరిగెత్తి అద్దంలోకే గెంతితే అటువైపు నుంచి మన నీడ బయటికొచ్చి పారిపోతుంది, మనకి ఒక్క ప్రాణమే మిగులుతుంది. ఆ నీడ తర్వాత మనం తాగాల్సిన పెద్ద సీసా మన కళ్లముందే తాగేస్తుంది, ఇంకోచోట గేటు మూసేస్తుంది. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఆపిల్ 2 మెమరీలో ఇంకో శత్రువు బొమ్మలకి చోటు లేకపోతే, హీరో బొమ్మల్నే తిప్పి వాడుకుంటే ఈ నీడ పుట్టిందట. చోటు లేక చేసిన పని గేమ్‌లోకెల్లా గొప్ప పాత్ర అయింది.

ఆ నీడ మా చేత చివర్లో చాలా రోజులు నీళ్లు తాగించింది. పన్నెండో లెవెల్లో అది కత్తి దూసి ఎదురుగా నిలబడుతుంది. అక్క ఒక పోటు పొడిస్తే దానికి ఒక ప్రాణం పోతుంది, మనకీ పోతుంది. చంపేస్తే మనమూ చస్తాం. ఎన్ని రకాలుగా పొడిచినా అంతే. ఒకరోజు విసుగొచ్చి నేను బాణాల మీద చెయ్యి తీసేస్తుంటే పొరపాటున కింది బాణం తగిలింది. ప్రిన్స్ కత్తి ఒరలో పెట్టేశాడు. ఎదురుగా నీడ కూడా పెట్టేసింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "ఇప్పుడు వెళ్లి గుద్దుకో" అంది అక్క. గుద్దుకున్నాను. తెర మెరిసింది, నీడ మనలో కలిసిపోయింది. ఆ తర్వాత నేల లేని చోట నడిస్తే అడుగు కింద రాయి వచ్చింది. అది కూడా నేను కంగారులో ముందుకు పరిగెత్తబట్టి తెలిసిందే, ధైర్యం వల్ల కాదు.

ఇదంతా ఒక్క గంటలో అయ్యేది కాదు. కంట్రోల్, జి నొక్కితే గేమ్ సేవ్ అవుతుందని మాకు చాలాకాలం తెలియదు. మా దగ్గరున్నది మాన్యువల్ లేని కాపీ. చివరికి ఆ సంగతి చెప్పింది నాన్న. ఆఫీసులో ఎవర్నో అడిగి వచ్చారు, ఒక చీటీ మీద రాసుకుని మరీ. గంట దాటితే స్విచ్ తీసేసే మనిషే ఆ పని ఎందుకు చేశారో అప్పుడు ఆలోచించలేదు. మూడో లెవెల్ నుంచే సేవ్ అవుతుంది, టైమ్ కూడా సేవ్‌తో పాటే ఉంటుంది కాబట్టి మోసం ఏమీ లేదు. మొదటిసారి ముగించినప్పుడు మాకు మిగిలింది నాలుగు నిమిషాలు.

లోపాలు చెప్పాలంటే, బ్లాక్ అండ్ వైట్ మానిటర్ మీద మందు సీసాకీ విషం సీసాకీ తేడా తెలియదు. ఎర్ర బుడగలది మంచిది, నీలం బుడగలది చెడ్డది అని కలర్ మానిటర్ కొన్నాక అర్థమైంది. అప్పటిదాకా అక్క నోట్‌బుక్‌లో ఏ గదిలో సీసా తాగాలో ఏది వదిలేయాలో గీతలు గీసి పెట్టింది. ఒక సీసా తాగితే తెర మొత్తం తలకిందులవుతుంది. మొదటిసారి మానిటర్ పాడైపోయిందనుకుని హడలిపోయి, నాన్న చూడకముందే ఆపేశాం. శబ్దం ఇంకో సమస్య. కేబినెట్ లోపలి స్పీకర్‌కి వాల్యూమ్ అనేది ఉండదు. కత్తులు తగిలితే ఇల్లంతా వినబడేది. మధ్యాహ్నం అందరూ పడుకున్నప్పుడు కేబినెట్ మీద మడత పెట్టిన దుప్పటి వేసేవాళ్లం. కంట్రోల్, ఎస్ నొక్కితే శబ్దం ఆగుతుందని తెలిసేనాటికి ఆ అవసరం తీరిపోయింది.

ఒకటి మాత్రం అసలు పెట్టెతో వచ్చిన కాపీ చూసేదాకా తెలియలేదు. మొదటి లెవెల్ అవగానే అక్షరాలున్న సీసాల గది ఒకటి వస్తుంది. మాన్యువల్ చూసి సరైన అక్షరం సీసా తాగితేనే ముందుకి. కాపీలని ఆపడానికి పెట్టిన తాళం అది. మా ఫ్లాపీలో దాన్ని ఎవరో ఎప్పుడో తీసేశారు. చిన్నప్పుడు వంద సార్లు తిరిగిన కోటలో ఒక గది ఉందని ముప్ఫై దాటాక తెలియడం విచిత్రంగా అనిపించింది.

ఇక ఇప్పుడు ఆడాలనుకునేవాళ్లకి. డాస్‌బాక్స్‌లో బాగానే నడుస్తుంది. సెట్టింగ్స్ ఫైల్లో యాస్పెక్ట్ అన్నది ట్రూ అని పెట్టుకోండి. అప్పటి 320 బై 200 బొమ్మని పాత మానిటర్లు నిలువుగా సాగదీసి చూపించేవి. అది పెట్టకపోతే ప్రిన్స్ పొట్టిగా, లావుగా కనిపిస్తాడు. కంట్రోల్, ఎఫ్9 జోలికి పోకండి, అది డాస్‌బాక్స్‌నే మూసేస్తుంది. పదకొండో లెవెల్లో అలా ఒకసారి పోగొట్టుకున్నాను. ఫోన్‌లో వద్దు. అద్దం మీద వేలితో అంచు అందుకోవడం జరిగే పని కాదు. విండోస్‌లో స్టిక్కీ కీస్ ముందే ఆపేయండి. షిఫ్ట్ వరసగా అయిదుసార్లు నొక్కితే మధ్యలో ఒక కిటికీ లేచి "ఆన్ చేయమంటారా" అని అడుగుతుంది. కత్తియుద్ధం అంటేనే షిఫ్ట్ అయిదుసార్లు నొక్కడం.

ప్రాంప్ట్ దగ్గర గేమ్ పేరు పక్కన మెగాహిట్ అనే మాట చేర్చి మొదలుపెడితే కె నొక్కగానే భటుడు చస్తాడు, లెవెళ్లు దాటేయొచ్చు, నిమిషాలు పెంచుకోవచ్చు. కోట చూడాలంటే అది పనికొస్తుంది, అంతకుమించి ఏమీ లేదు. ఎస్‌డిఎల్‌పాప్ అని అభిమానులు తయారుచేసిన ఉచిత వెర్షన్ ఉంది. డాస్‌ది తు.చ. తప్పకుండా దింపారు, నేను ఇప్పుడు ఆడేది అదే. అందులో ఎఫ్6 నొక్కితే ఉన్నచోటే సేవ్ అవుతుంది, ఎఫ్9 నొక్కితే అక్కడికే తిరిగొస్తాం. ఈ రెండు కీల మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. గోతికి ముందు సేవ్ చేసుకుని గెంతితే అది గోతే కాదు. వెనక్కి రాని అరవై నిమిషాలు తీసేస్తే ఈ గేమ్‌లో మిగిలేది ముళ్లూ, మెట్లూ మాత్రమే. కనిపించినవాళ్లందరికీ ఇదే చెబుతుంటాను.

ఈమధ్య అక్క వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌లో తెరిచాను. అడగకుండానే ఎడమవైపు కుర్చీ లాక్కుని షిఫ్ట్ మీద వేలు పెట్టింది. ఆరో లెవెల్ దాకా అస్సలు టైమ్ వృథా కాలేదు. అక్కడ లావు భటుడితో యుద్ధం మంచి పట్టు మీద ఉండగా స్టిక్కీ కీస్ కిటికీ లేచింది. నా ల్యాప్‌టాప్‌లోనే ఆపడం మర్చిపోయాను. "ఇదేంట్రా మధ్యలో?" అనేలోపు ప్రిన్స్ పడిపోయి ఉన్నాడు.

"ఎఫ్9 అని ఒకటుందిలే, నొక్కితే ఇందాకటి చోటుకే తీసుకెళ్తుంది. కానీ..." అన్నాను.

"మరి చూస్తావేంట్రా, నొక్కు" అంది.