ఎంబఫ్ గొలుసా, ఎస్‌కేబఫ్ ముద్దా: మెమరీ పొదుపులో ఏది మేలు?

సెన్సర్ ఒకటి యూడీపీలో 20 బైట్ల కొలత పంపిందనుకుందాం. యూడీపీకి 8, ఐపీకి 20, ఈథర్నెట్‌కు 14 బైట్ల హెడర్లు తగిలించినా మొత్తం 62 బైట్లు. అప్లికేషన్ చదివే దాకా ఆ ప్యాకెట్ సాకెట్ (అప్లికేషన్‌కు నెట్‌వర్క్ తలుపు) వరుసలో ఆగి ఉంటుంది. అంతసేపూ కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, అది ఆక్రమించే చోటెంత?

బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ల కుటుంబం ప్యాకెట్లను దాచేందుకు వాడే బఫర్ (తాత్కాలిక మెమరీ చోటు) ఎంబఫ్‌. 1983లో 4.2బీఎస్‌డీ నాటికి ఒక్కో ఎంబఫ్ 128 బైట్లు, అందులో డేటాకు 112. నేటి ఫ్రీబీఎస్‌డీలో 256 బైట్లు. చిన్న డేటా ఎంబఫ్‌లోనే ఇముడుతుంది, పెద్దదైతే 2048 బైట్ల క్లస్టర్‌ను తగిలిస్తారు, ఇంకా పెద్దదైతే గొలుసు కడతారు. అదే పనికి లైనక్స్ వాడే ఎస్‌కేబఫ్‌లో ప్యాకెట్ వివరాలు వేరు, డేటా వేరు. 64 బిట్ల యంత్రంపై వివరాలకు సుమారు 256 బైట్లు. డేటా బఫర్ చివర మరో 320 బైట్లు ఆ డేటాను పంచుకోవడానికి సంబంధించిన సమాచారానికే పోతాయి.

కాగితం మీద ఎంబఫే పొదుపరి. కానీ వచ్చే ప్యాకెట్ ఎంత పొడవో నెట్‌వర్క్ కార్డుకు ముందుగా తెలియదు కాబట్టి, డ్రైవర్ (కార్డును నడిపే ప్రోగ్రామ్) రెండు చోట్లా 2048 బైట్ల బఫర్లనే పరిచి ఉంచుతుంది. మన 62 బైట్లూ వచ్చి అందులో పడతాయి. లైనక్స్ లెక్క బఫర్‌కు 2048 (చివరి 320 అందులోనే), వివరాలకు 256, మొత్తం 2304. ఫ్రీబీఎస్‌డీలోనూ అంతే, పైగా యూడీపీ సాకెట్ వరుసలో పంపినవారి చిరునామాకు విడిగా మరో ఎంబఫ్ పడుతుంది కాబట్టి 2560. పొదుపరి అనుకున్నదే ఎక్కువ తింటోంది!

దీనికి విరుగుడు నకలు. ప్యాకెట్ చిన్నదైతే డ్రైవర్ దాన్ని చిన్న బఫర్‌లోకి ఎత్తి, పెద్ద బఫర్‌ను తిరిగి కార్డుకే ఇచ్చేస్తుంది. లైనక్స్‌లో ఇంటెల్ ఈ1000 డ్రైవర్‌కు ఈ హద్దు మామూలుగా 256 బైట్లు. అలా చేశాక లైనక్స్ ఖర్చు వెయ్యి బైట్ల లోపుకు, ఫ్రీబీఎస్‌డీ ఖర్చు 512కు దిగుతుంది. ఎంబఫ్ గెలుపు ఇక్కడుంది, అదీ నకలు తీసినప్పుడే. 62 బైట్ల నకలుకు ప్రాసెసర్ పడే శ్రమ లెక్కలోకే రాదు.

మరి గొలుసుకు మూల్యం లేదా? ఉంది, కోడ్ రాసేవారి నెత్తిన. హెడర్ రెండు ఎంబఫ్‌ల మధ్య విరిగితే ఎం_పులప్ అనే ఫంక్షన్‌తో ఒకచోటికి చేర్చాలి. అది విఫలమైతే గొలుసు మొత్తాన్ని తనే విడుదల చేసి శూన్య పాయింటర్ (ఎక్కడికీ చూపని మెమరీ చిరునామా) ఇస్తుంది. పాత పాయింటర్‌ను పట్టుకుని వేలాడే కోడ్ ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉంటుంది. ఎస్‌కేబఫ్‌లో హెడర్లు మామూలుగా వరుసగా ఉంటాయి కాబట్టి చదవడం సులువు. మొత్తంగా అది కూడా ముద్దేమీ కాదు, మిగతా డేటాను మెమరీ పేజీల ముక్కలుగా వేలాడదీయగలదు.

మెమరీ కిలోబైట్లలో ఉండే చిన్న చిప్‌కు ఈ రెండూ బరువే. అక్కడ ఎల్‌డబ్ల్యూఐపీ అనే చిన్న నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ వాడే పీబఫ్ అనే బఫర్ నయం, ఫ్లాష్‌లో ఉన్న డేటాను నకలు తీయకుండా నేరుగా చూపించగలదు. అలాంటిదే మరొకటైన యూఐపీ ఇంకా పిసినారి: అన్ని ప్యాకెట్లకూ ఒకటే బఫర్, ప్యాకెట్ దారిలో పోతే డేటాను మళ్లీ తయారుచేసే పని అప్లికేషన్‌దే. మరీ గతిలేకపోతే తప్ప దాని జోలికి వెళ్లను.

పెద్ద సర్వర్‌లో మెమరీ కోసం కెర్నల్‌నే మార్చడం నా దృష్టిలో దండగ. ఎస్‌కేబఫ్‌ను అలాగే ఉంచి, డ్రైవర్ చిన్న ప్యాకెట్లకు నకలు తీస్తోందో లేదో ముందు చూడాలి. సాకెట్లు వాడే మెమరీ ఎంతో లైనక్స్‌లో ప్రాక్ ఫోల్డర్ కింద నెట్‌లో ఉండే సాక్‌స్టాట్ ఫైల్‌లో మెమ్ అంకెగా కనిపిస్తుంది. అది బైట్లలో కాదు, పేజీలలో. పేజీ 4096 బైట్లదైతే 4096తో హెచ్చవేసి చూడండి.