తెలుగులో స్లైడ్లు చేసేవాళ్ళకి ఏ ఉచిత సాఫ్ట్‌వేర్ మంచిది? నా ఓటు ఇంప్రెస్‌కి

ముందే చెప్పేస్తున్నా. పైసా ఖర్చు లేకుండా తెలుగులో స్లైడ్లు చేసుకోవాలి, ఒక్కటే వేసుకుంటాను అనేవాళ్ళు లిబ్రేఆఫీస్ వేసుకోండి, అందులో స్లైడ్లు చేసే ఇంప్రెస్ ఉంటుంది. ఇంగ్లిష్‌లో మాత్రమే చేసేవాళ్ళకి ఏది వాడినా పెద్ద తేడా రాదు. మనకి వత్తులున్నాయి, గుడులున్నాయి, ఒకదాని కింద ఒకటి వచ్చే అక్షరాలున్నాయి, అందుకే మన లెక్క వేరు.

నేను ఇంటర్ తెలుగు మీడియం పిల్లలకి జువాలజీ చెప్తాను. రెండేళ్ళ కిందట ఎండాకాలంలో హైదరాబాద్‌లో బాగ్‌లింగంపల్లి వైపు ఒక హాల్లో టీచర్ల శిక్షణ జరిగితే నన్నూ మాట్లాడమన్నారు. అంతస్స్రావక గ్రంథుల (హార్మోన్లు విడుదల చేసే గ్రంథులు) మీద మూడు రాత్రులు కూర్చుని నలభై స్లైడ్లు చేసుకుని పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళాను. అక్కడి కంప్యూటర్లో తెరిస్తే నేను వాడిన ఫాంటు ఆ సిస్టంలో లేదు. దాని బదులు ఇంకేదో ఫాంటు వచ్చి కూర్చుంది, అక్షరాలు పెద్దవైపోయాయి, లైన్లు బాక్సు దాటి కిందికి జారాయి. పిట్యూటరీ గ్రంథి బొమ్మ మీద దాని వివరణే పడి బొమ్మ కనపడకుండా పోయింది. వెనక వరసలో ఒకాయన "మేడం, ఏం రాశారో చదవండి" అంటే నాకే చదవడానికి రాలేదు. ఇరవై నిమిషాలు సర్దాలని చూసి, లాభం లేదని లైట్లు వేయించి బోర్డు మీదే పాఠం చెప్పాను. ఆ రోజు ఇంటికొచ్చాక పట్టుబట్టి ఒక్కొక్కటీ వాడి చూడటం మొదలుపెట్టాను.

నా పరీక్ష చాలా చిన్నది. ఒక స్లైడ్‌లో నాలుగు మాటలు రాస్తాను: శాస్త్రం, సూక్ష్మజీవులు, స్త్రీ బీజకోశం, అంతస్స్రావకం. ఒకదాని కింద ఒకటి, నాలుగు లైన్లు. 'సూక్ష్మ'లో క్ష కింద మ వత్తు సరిగ్గా కూర్చుందా, 'స్త్రీ'లో త వత్తు, ర వత్తు రెండూ కనపడుతున్నాయా, పై లైను వత్తులు కింద లైను గుడుల్లోకి దూరిపోతున్నాయా, ఇవే చూస్తాను. తర్వాత అదే ఫైలు వేరే కంప్యూటర్లో తెరుస్తాను. టెంప్లేట్లు ఎన్ని ఉన్నాయి, యానిమేషన్లు ఎంత బాగున్నాయి అన్నది ఆ తర్వాతి మాట.

ఈ పరీక్షలో ఇంప్రెస్ బాగా నిలబడింది. నా ల్యాప్‌టాప్ సికింద్రాబాద్‌లో కంప్యూటర్లు అమ్మే సీటీసీలో కొన్న సెకండ్ హ్యాండ్‌ది, ర్యామ్ 4 జీబీ. దాని మీద కూడా బాగానే నడుస్తోంది. డౌన్‌లోడ్ 300 ఎంబీ పైనే ఉంటుంది కాబట్టి వైఫై ఉన్నచోట దించుకోండి. ఒకసారి వేసుకున్నాక నెట్ అక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు, ట్రయల్ అయిపోయింది డబ్బు కట్టమనేది ఉండదు. ఒకప్పటి ఓపెన్ఆఫీస్ నుంచి 2010లో విడిపోయి ది డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ చేతికొచ్చింది, అప్పటినుంచీ వాళ్ళూ, ప్రపంచం నలుమూలలా ఉన్న వాలంటీర్లూ కలిసి నడుపుతున్నారు. పాత పేరు గుర్తుండి చాలామంది ఇప్పటికీ ఓపెన్ఆఫీసే దించుకుంటున్నారు, అది అపాచీ పేరుతో ఇంకా ఉంది కూడా, కానీ పవర్‌పాయింట్ వాడే పీపీటీఎక్స్ ఫైళ్ళు తెరుస్తుందే తప్ప అదే ఫార్మాట్‌లో సేవ్ చేయలేదు. అవతలివాళ్ళకి ఫైలు పంపాల్సినవాళ్ళకి అక్కడే చిక్కు. లిబ్రేఆఫీస్ రెండూ చేస్తుంది.

ఇంప్రెస్ వేసుకోగానే చేయాల్సిన పని ఒకటుంది, ఇది తెలియక చాలామంది విసుగొచ్చి తీసేస్తారు. టూల్స్‌లో ఆప్షన్స్‌కి వెళ్ళి, భాషల సెట్టింగుల్లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అన్నచోట తెలుగు ఎంచుకోండి. ఇంప్రెస్ ఇంగ్లిష్ అక్షరాలకి ఒక ఫాంటు, సైజు, తెలుగు అక్షరాలకి వేరే ఫాంటు, సైజు గుర్తుపెట్టుకుంటుంది. ఆ సంగతి తెలియకపోతే "నేను 28 పెట్టాను, తెలుగు మాత్రం 18లోనే ఉండిపోయింది ఏంటి" అని తల పట్టుకుంటాం. తెలిశాక మాత్రం ఇదే వరం అనిపిస్తుంది, ఎందుకంటే తెలుగు అక్షరం అదే సైజులో ఇంగ్లిష్ పక్కన పెడితే చిన్నగా కనపడుతుంది. నేను ఇంగ్లిష్‌కి 26, తెలుగుకి 30 పెట్టుకుంటాను, చివరి బెంచీ దాకా చదవగలుగుతున్నారు.

రెండోది లైన్ల మధ్య ఎడం. బయట దొరికే చాలా టెంప్లేట్లలో అది 90 శాతమే ఉంటుంది. ఇంగ్లిష్‌కి అది ముచ్చటగా ఉంటుంది, తెలుగుకి అసలు పనికిరాదు, పై లైనులోని వత్తులు కింద లైను తలకట్ల మీదకి దిగిపోతాయి. వ్యూ మెనూలో మాస్టర్ స్లైడ్ తెరిచి అక్కడ 120 శాతం చేసేయండి, అన్ని స్లైడ్లకీ ఒకేసారి వర్తిస్తుంది. ఈ ఒక్క మార్పు చేశాక మా పిల్లలు నోట్సు రాసుకునేటప్పుడు "మేడం అది ఏం వత్తు" అని అడగడం ఆగిపోయింది. పదో తరగతి దాకా పల్లెల్లో తెలుగులో చదువుకుని ఇక్కడ హాస్టల్లో ఉంటున్న పిల్లలు వాళ్ళు. కొత్త మాట మొదటిసారి తెర మీద చూస్తారు, అక్కడ తప్పుగా కనపడితే పరీక్షలోనూ అలాగే రాస్తారు. అందుకే నాకింత పట్టుదల.

ఇంప్రెస్‌లో లోపాలు లేవని అనను. తనతో వచ్చే టెంప్లేట్లు చప్పగా ఉంటాయి. చూడటానికి పాతకాలం సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది, వ్యూలో యూజర్ ఇంటర్‌ఫేస్ అన్నచోట ట్యాబుల పద్ధతి ఎంచుకుంటే కొంత నయం. పవర్‌పాయింట్‌లో చేసిన స్మార్ట్‌ఆర్ట్ బొమ్మలు ఇందులో తెరుచుకుంటాయి గానీ అక్కడిలా వీలుగా మార్చుకోలేం, కొన్ని యానిమేషన్లు వేరేగా ఆడతాయి. ప్రొజెక్టర్ తగిలించినప్పుడు మాత్రం మన తెర మీద తర్వాతి స్లైడూ, మన నోట్సూ, టైమూ కనపడతాయి, నలభై ఐదు నిమిషాల పీరియడ్‌కి అది ఎంత సాయమో పాఠం చెప్పేవాళ్ళకి తెలుసు.

మా తమ్ముడి కూతురు అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ కోచింగ్ తీసుకుంటోంది. నా హాలు సంగతి విని "అత్తా, గూగుల్ స్లైడ్స్‌లో చేసి లింకు తెరిస్తే ఫాంటు గొడవే ఉండేది కాదుగా" అంది. నిజమే, నెట్ ఉన్నచోట దాన్ని మించింది లేదు. జీమెయిల్ ఉంటే చాలు, 15 జీబీ దాకా ఉచితం, అయితే అందులోనే మెయిళ్ళూ ఫొటోలూ కూడా కలిసి ఉంటాయి. నలుగురు కలిసి ఒకే ఫైలు మీద పని చేయాలంటే ఇదే. మా డిపార్ట్‌మెంట్ వాళ్ళం సైన్స్ ఫెయిర్ స్లైడ్లు ఇందులోనే చేశాం, ఒకరు ఉప్పల్‌లో, ఒకరు మెహిదీపట్నంలో, ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని. తెలుగు ఫాంట్లు ఇందులో కళకళలాడతాయి, మోర్ ఫాంట్స్‌లోకి వెళ్ళి తెలుగు లిపి ఎంచుకుంటే రామభద్ర, మల్లన్న, మండలి, సురవరం, ఇలా బోలెడు. శీర్షికకి రామభద్ర పెట్టి చూడండి, బొద్దుగా దూరానికి కూడా కనపడుతుంది. కింద విషయానికి మండలి. ఇవన్నీ స్వేచ్ఛగా వాడుకునే ఫాంట్లే, దించుకుని ఇంప్రెస్‌లో కూడా వాడుకోవచ్చు, నేను చేస్తున్నది అదే. కానీ మా క్లాసు గదిలో నెట్ ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. ఆఫ్‌లైన్ సదుపాయం ఉంది, అది ముందే ఆ కంప్యూటర్లో ఆన్ చేసి ఉంచుకోవాలి, పరాయి చోట అది కుదరదు. పీపీటీఎక్స్‌గా దించి తీసుకెళ్తే మళ్ళీ అవతలి కంప్యూటర్లో ఆ ఫాంటు ఉందా లేదా అన్న టెన్షన్ మామూలే.

నెట్‌లో పోస్టర్లు, స్లైడ్లు డిజైన్ చేసుకునే కాన్వా గురించి అందరూ అడుగుతారు. అందం కావాలంటే అదే, ఫంక్షన్ ఆహ్వానం, పోస్టరు, పది స్లైడ్ల పరిచయం లాంటివాటికి హాయిగా వాడుకోండి. కిరీటం గుర్తున్న బొమ్మలు డబ్బు కట్టినవాళ్ళకే, అది చూసుకుని ఎంచుకోవాలి. స్కూలు టీచర్లకి వేరే ఉచిత ఖాతా ఉంది, టీచరని రుజువు చూపిస్తే ఇస్తారు. నలభై స్లైడ్ల పాఠానికి మాత్రం నాకు అది కుదరలేదు, నాకు కావాల్సింది అలంకారం కన్నా బొమ్మకి బాణం గుర్తులు పెట్టి పేర్లు రాసుకునే వీలు. పవర్‌పాయింట్ కూడా బ్రౌజర్‌లో ఉచితంగా దొరుకుతుంది, మైక్రోసాఫ్ట్ ఖాతా ఉంటే చాలు, ఆ మెనూలకి అలవాటు పడ్డవాళ్ళకి సులువు. చెన్నైవాళ్ళ జోహో షో కూడా చూశాను, శుభ్రంగా ఉంది, అది కూడా నెట్ మీద ఆధారపడేదే.

పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేయించిన ప్రశ్నపత్రాలు, నోట్సులు మీ దగ్గర ఉంటే వాటిని తెచ్చి నేరుగా స్లైడ్‌లో అతికించకండి. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కావు, ఆ ఫాంటు లేనిచోట పిచ్చి గుర్తులు కనపడతాయి, పైన చెప్పిన ఏ సాఫ్ట్‌వేర్ అయినా అంతే. ముందు యూనికోడ్‌లోకి మార్పించుకుని, వత్తులు ఒక్కొక్కటి కళ్ళతో చూసుకుని అప్పుడు వాడండి.

ఇక బయట ఎక్కడ మాట్లాడాల్సి వచ్చినా ఇప్పుడు నేను పెన్‌డ్రైవ్‌లో రెండు ఫైళ్ళు పట్టుకెళ్తాను. ఒకటి ఇంప్రెస్ ఫైలు. రెండోది దాన్నే ఫైల్ మెనూలోంచి పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసింది, అందులో ఫాంటు లోపలే ఇమిడిపోతుంది కాబట్టి ఏ కంప్యూటర్లో తెరిచినా సూక్ష్మజీవి సూక్ష్మజీవిలాగే కనపడుతుంది. యానిమేషన్లు పోతాయి, పోనీయండి. అడోబీ రీడర్‌లో కంట్రోల్ ఎల్ నొక్కితే తెరంతా నిండుతుంది, బాణం మీటలతో స్లైడ్లు మారతాయి. పోయిన నెల తార్నాకలో ఒక కాలేజీలో అవే అంతస్స్రావక గ్రంథులు చెప్పాను, ఆ కంప్యూటర్లో ఒక్క తెలుగు ఫాంటు కూడా లేదు, పీడీఎఫ్ తెరిచాను, పిట్యూటరీ బొమ్మ ఒకవైపు, దాని వివరణ ఇంకోవైపు, నేను ఇంట్లో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.