లింకన్ కాగితాలు ఆన్‌లైన్‌లో: వెనక పేజీ కూడా తెరవండి

అమెరికా పార్లమెంటు గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లోని అబ్రహాం లింకన్ పేపర్స్‌ను లింకన్ చేతిరాత కోసం తెరిస్తే మొదట నిరాశే. దాదాపు 40,000 కాగితాల్లో సింహభాగం ఆయనకు వచ్చినవే: ఉద్యోగాల అర్జీలు, సైన్యం కబుర్లు, అడగని సలహాలు. ఆయన పంపిన ఉత్తరాలు అందుకున్నవాళ్ల ఇళ్లకు పోయాయి. ఆయన దగ్గర మిగిలినవి చిత్తుప్రతులు, పంపకుండా ఆపుకున్నవి.

ఆపుకున్నవాటిలోనే అసలు మనిషి దొరుకుతాడు. అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ పోరులో ఓడిన దక్షిణాది సేనాని లీ సైన్యాన్ని పొటోమాక్ నది దాటిపోనిచ్చారని తన సేనాని జనరల్ మీడ్‌ మీద మండిపడుతూ 1863 జులై 14న రాసిన ఉత్తరం ఇక్కడుంది. కవరు మీద ‘పంపలేదు, సంతకం చేయలేదు’ అని ఆయనే రాసుకున్నారు.

వెతుకులాటకు ఓ కిటుకుంది. ఉత్తరాల శీర్షికల్లో ఎవరు ఎవరికి ఏ తేదీన రాశారో ఉంటుంది కాబట్టి విషయం కన్నా ఇంటిపేరు, సంవత్సరం కొడితే త్వరగా తగులుతుంది. విషయంతో వెతికితే టైపు చేసిన పాఠం లేని ఉత్తరాలు జారిపోతాయి. పాఠం ఉన్నచోట ఉత్తరం స్కాన్ బొమ్మనూ దాన్నీ పక్కపక్కన పెట్టుకు చదవాలి. నాక్స్ కాలేజీ లింకన్ స్టడీస్ సెంటర్ వాళ్లు తయారుచేసిన పాఠాలకు వివరణలు కూడా ఉన్నాయి, అవి బంగారం.

ఎక్కువమంది పొరబడేది డౌన్‌లోడ్ దగ్గర. మొదటి బొమ్మ దింపుకుని పని అయిపోయిందనుకుంటారు. 1864 ఆగస్టు 23 నాటి చీటీనే తీసుకోండి. ఎన్నికల్లో ఓడిపోయేలా ఉన్నాననీ, అలా జరిగితే కొత్త అధ్యక్షుడు గద్దెనెక్కేలోపే అతనితో కలిసి యూనియన్‌ను (చీలకుండా దేశాన్ని) కాపాడాలనీ రాసి, మడిచి, లోపలేముందో చూపకుండా మంత్రులతో సంతకాలు చేయించారు. ఆ ఏడు సంతకాలూ వెనకవైపున్నాయి! మామూలు ఉత్తరాలకూ అంతే, వచ్చిన తేదీ, పంపినవారి పేరు తరచు వెనక మడత మీదే కనిపిస్తాయి.

మైక్రోఫిల్మ్ నుంచి తీసిన పాత నలుపు తెలుపు బొమ్మల బదులు ఇప్పుడు రంగుల్లో ఉన్నాయి. తేడా తెలియాలంటే గెటిస్‌బర్గ్ ప్రసంగపు నికోలే ప్రతి (లింకన్ కార్యదర్శి నికోలే పేరుతో పిలిచే ప్రతి) చూడండి. మొదటి పుట సిరాతో, రెండోది పెన్సిల్‌తో రాసి ఉంది. చదవడానికి జేపెగ్ చాలు. అక్షరం అంచులు పరిశీలించేవాళ్లకే టిఫ్, అదీ బరువైన ఫైలు.

వస్తువుల కోసమైతే ఈ సేకరణలో వెతక్కండి. హత్య జరిగిన రాత్రి ఆయన జేబుల్లో ఉన్నవి ఇదే లైబ్రరీలో వేరే విభాగంలో ఉన్నాయి: రెండు జతల కళ్లద్దాలు, చాకు, తోలు పర్సు, అందులో అయిదు డాలర్ల కాన్ఫెడరేట్ (విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల) నోటు. ఒక కళ్లజోడుకు దారంతో కట్టుకట్టి ఉంది.